కన్‌కర్: ఖరగ్‌పూర్ రైల్వే వాడుకలో ఒక ఇంగ్లీషు క్రియ

కన్‌కర్ అంటే ఏకీభవించడం. రైల్వే ఊరైన ఖరగ్‌పూర్‌లో ఇది క్రియగా కంటే ‘కన్‌కరెన్స్’ అన్న నామవాచకంగానే ఎక్కువగా వినిపిస్తుంది. ఫైలు కన్‌కరెన్సుకు వెళ్లిందంటే అకౌంట్సు వారి బల్ల మీద ఉందని అర్థం.

దీని పుట్టుక లాటిన్‌లో. ‘కుర్రెరే’ అంటే పరుగెత్తడం, ముందున్న ‘కాన్’ అంటే కలిసి. కరెంటు, కొరియర్ కూడా ఈ పరుగు నుంచి వచ్చినవే. 15వ శతాబ్దంలో ఇంగ్లీషులో చేరినప్పుడు దీనికి ఢీకొనడం అనే అర్థం కూడా ఉండేది. అభిప్రాయాలు కలవడమనే అర్థం 16వ శతాబ్దం చివర్లో వచ్చింది. ఒకే లైను మీదికి రెండు బండ్లు వస్తే ఏమవుతుందో తెలిసిన ఊరికి ఆ పాత అర్థం కొత్తేమీ కాదు.

రైల్వే ఆర్థిక వ్యవహారాలను సాధారణ బడ్జెట్ నుంచి 1924లో విడదీశారు. అంతకు మూడేళ్ల ముందు ఆక్వర్త్ కమిటీ చేసిన సిఫారసు అది. ఖరగ్‌పూర్‌ను పెంచిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1944లో ప్రభుత్వం చేతికి వచ్చింది. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలో ఈ ఊరు డివిజన్ కేంద్రం. రైల్వేల్లో నిర్ణీత పరిమితి దాటిన ఖర్చుకు అధికారి సంతకం ఒక్కటే చాలదు, ఆర్థిక విభాగం కన్‌కర్ కావాలి. అంచనాలోని లెక్కలు సరిచూడడం ‘వెట్టింగ్’, అది వేరు. మంజూరు పైనుంచి దిగుతుంది; కన్‌కరెన్స్ పక్కనుంచి రావాలి. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి వర్క్‌షాపులో స్థిరపడిన తెలుగువాళ్లకు ‘సరే’, ‘ఒప్పుకున్నారు’ అనే మాటలు ఉన్నా ఈ తేడా వాటిలో ఇమడదు. ‘సమ్మతి’ కొంత దగ్గర, కానీ ఫైళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఆ మాట ఎవరి నోట వస్తుంది!

వ్యాకరణం ప్రకారం ఇది అకర్మక క్రియ: మనిషితో అయితే ‘విత్’, విషయంలో అయితే ‘ఇన్’ చేరాలి. ఆఫీసు ఇంగ్లీషు దీన్ని పట్టించుకోదు. ‘ప్రపోజల్ కన్‌కర్డ్’ అని రాసి సంతకం పెట్టేస్తుంది.

న్యాయస్థానాల్లో ఈ మాట బరువు ఇంకా ఎక్కువ. న్యాయమూర్తుల నియామకంలో ప్రధాన న్యాయమూర్తిని ‘సంప్రదించాలి’ అన్న రాజ్యాంగ నియమానికి ఆయన కన్‌కరెన్స్ అని అర్థం కాదని 1981లో సుప్రీంకోర్టు చెప్పింది. 1993లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీతో దాన్ని తిరగరాసి, సంప్రదింపుకు దాదాపు కన్‌కరెన్స్ బలాన్నే ఇచ్చింది.