చెరిపి నింపిన క్యాసెట్టు – ప్రజాగేయ చరిత్ర

సాహిత్య చరిత్రకారులు అచ్చయిన పుస్తకాన్నే ప్రధాన ఆధారంగా తీసుకుంటారు. ప్రజాగేయం విషయంలో ఈ పద్ధతి చాలదని నా అభిప్రాయం. 1972లో ఏర్పడిన జననాట్యమండలి పాటలూ, గద్దర్, వంగపండు ప్రసాదరావుల పాటలూ పుస్తకాలుగా వచ్చిన మాట నిజమే. కాని అవి ప్రజల చెవిని చేరింది గొంతు ద్వారా, ఆ తరువాత క్యాసెట్టు ద్వారా.

1985 నుంచి 1990 వరకు గద్దర్ అజ్ఞాతంలో ఉన్నాడు. 1992లో పీపుల్స్‌వార్‌ను రాష్ట్రప్రభుత్వం నిషేధించింది. గాయకుణ్ణి ఊరికి రాకుండా ఆపవచ్చు. ఇంట్లో నకలు తీసే టేపును ఆపడం అంత సులభం కాదు. ఇరాన్‌లో 1978–79లో ఖొమైనీ ప్రసంగాలు కూడా ఇలాగే క్యాసెట్ల మీద వ్యాపించాయి. కనుక యంత్రం తనంత తాను అభ్యుదయకరమూ కాదు, అభివృద్ధి నిరోధకమూ కాదు. దాన్ని ఎవరు, దేనికి వాడారన్నదే ప్రశ్న.

రాజోలు దగ్గర మా ఇంట అలాంటి క్యాసెట్టు ఒకటి ఉన్నది. పైచీటీ మీద భక్తిగీతాలని ఉంటుంది. పాత పాట చెరగకుండా కంపెనీవారు అంచున వదిలిన రంధ్రాన్ని కాగితపు ఉండతో మూసి, మా నాన్నగారు దానిమీద విప్లవగేయాలు ఎక్కించారు. 60 నిమిషాల క్యాసెట్టుకు నకలు తీయాలంటే గంటసేపు కాచుకోవలసిందే. నకలుకు నకలు తీసేకొద్దీ రొద పెరుగుతుంది. రెండో వైపు గేయాలు ముగియగానే పాత భజన తిరిగి వినిపిస్తుంది.

తాళపత్ర గ్రంథానికి లేఖకుడెంతో ఈ పాటకు నకలు తీసినవాడంత. అయితే లేఖకుడు గ్రంథాంతంలో తన పేరు రాసుకునేవాడు. ఇతడు భయంచేత దాచుకున్నాడు. నాడు రక్షణ అయిన ఆ మౌనమే నేడు చరిత్రకు లోటయింది.

ఇందులో మరొక వైరుధ్యం కూడా ఉన్నది. పాట కూలీలదే గాని, యంత్రం మా నాన్నగారివంటి చిరుద్యోగులది. ఏది నిలవాలో, ఏది చెరగాలో నిర్ణయించినది యంత్రం ఉన్నవారే. మా చేలలో ఊడ్పులనాడు ఆడకూలీలు పాడిన పాటలను మా ఇంట ఎవరూ ఎక్కించలేదు. ఆ లోపాన్ని మనం ఒప్పుకోవాలి.

కోనసీమ తేమకు టేపులు బూజు పడుతున్నాయి. అధ్యాపకులూ విద్యార్థులూ ఈ క్యాసెట్లను సేకరించాలి. నకలు తీసినవారు జీవించి ఉండగానే, వారి అంగీకారంతో, వారి మాటలు రాసిపెట్టాలి. ఊడ్పుపాటలు ఎరిగిన వృద్ధ స్త్రీల వద్దకూ వెళ్ళాలి. పైచీటీ చూసి ఈ టేపులను పారవేస్తే, ఆ పాటలతోపాటు వాటిని నిలిపినవారి శ్రమ కూడా మనచేతులమీదుగానే నశిస్తుంది.