సాగు చేసినవాడి మాటే సాక్ష్యం

పశ్చిమ బెంగాల్ భూసంస్కరణలు అనగానే పాలికి సాగుచేసే బర్గాదారుల పేర్లు నమోదు చేసిన 1978 నాటి ‘ఆపరేషన్ బర్గా’, జ్యోతిబసు ప్రభుత్వం గుర్తుకొస్తాయి. ఆ పేరు వాటికి న్యాయంగా దక్కిందే. కానీ ఆ కార్యక్రమానికి ప్రాణం పోసిన పద్ధతి అంతకు పదేళ్ల ముందే పుట్టింది. రెండు విడతలూ కలిపినా రెండేళ్లు నిండని మంత్రి పదవిలో హరేకృష్ణ కోనార్ దాన్ని ఆచరణలో పెట్టి చూపించారు. 1915లో బర్ధమాన్ జిల్లాలో పుట్టిన కోనార్ విప్లవకారుడిగా యవ్వనంలోనే అండమాన్ సెల్యులార్ జైలుకు వెళ్లారు. కమ్యూనిస్టుగా బయటికొచ్చి రైతు సంఘంలో పనిచేశారు. 1964లో పార్టీ చీలినప్పుడు మన సుందరయ్య ప్రధాన కార్యదర్శిగా ఏర్పడిన సీపీఎం వైపు నిలిచారు. 1967లోనూ, మళ్లీ 1969లోనూ యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వాల్లో భూమి, రెవెన్యూ శాఖ చూశారు.

ఆయన చేతికి వచ్చినవి కాంగ్రెస్ ప్రభుత్వం చేసిన చట్టాలే. 1953 చట్టం సాగుభూమికి 25 ఎకరాల పరిమితి పెట్టింది. అది కుటుంబానికి కాదు, తలకు. తోటలకు, చేపల చెరువులకు మినహాయింపులు వేరే. దాంతో జోతేదార్లు, అంటే పెద్ద భూస్వాములు, మిగులు భూమిని బంధువుల పేర, పనివాళ్ల పేర, దేవుడి పేర రాసి పెట్టుకున్నారు. కాగితం మీద యజమాని ఒకరు, కళ్లంలోంచి ధాన్యం చేరేది మరొకరి గాదెకు. ఈ దొంగ బదలాయింపులను దస్తావేజులు తిరగేసి పట్టుకోవడం ఏ అధికారి తరమూ కాదు, ఎందుకంటే అవన్నీ చట్టప్రకారం పక్కాగా రిజిస్టరైనవే. కోనార్ అసలు కీలకం అక్కడే పట్టుకున్నారు. ఆ పొలం ఎవరు దున్నుతున్నారు, సగపాలు ఎవరికి కొలుస్తున్నారు అన్నది ఊళ్లో పాలికి చేసుకునే ప్రతి రైతుకూ తెలుసు. ఆ రైతులు నలుగురిలో నిలబడి చెప్పిన మాటను విచారణలో సాక్ష్యంగా నమోదు చేసి, దాని బలంతో దస్తావేజును తోసిపుచ్చే దారి ఆయన హయాంలో తెరుచుకుంది. రైతు సంఘం భూమిని గుర్తించి చూపేది, సెటిల్‌మెంట్ అధికారులు విచారించి చట్టబద్ధం చేసేవారు. లక్షల ఎకరాల బినామీ భూమి ఇలా బయటపడింది.

ఇది చట్టపాలన కాదు, అరాచకం అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. పంటకోతల దగ్గర కొట్లాటలు జరిగాయి, ప్రాణాలు పోయాయి. 1969 డిసెంబరులో సాక్షాత్తూ ముఖ్యమంత్రి అజయ్ ముఖర్జీయే శాంతిభద్రతలు లేవంటూ కలకత్తాలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. ఆ ప్రాణనష్టాన్ని తేలిక చేసి మాట్లాడకూడదు. అయితే పరిమితి చట్టాన్ని పదిహేనేళ్లుగా ఉల్లంఘించినవాళ్లు ఎవరు? చట్టాన్ని అమలు చేయమని రైతు అడిగితే అది అరాచకం, దాన్ని ఎగ్గొట్టడం మాత్రం పద్ధతా?

రెండో విమర్శ ఇంకా బలమైనది, శ్రీకాకుళం చరిత్ర తెలిసిన తెలుగు పాఠకుడు తప్పక అడిగేది. కోనార్ మంత్రిగా ఉండగానే నక్సల్‌బరి రైతు తిరుగుబాటు జరిగింది. ఆయన స్వయంగా వెళ్లి అక్కడి నాయకులతో మాట్లాడినా రాజీ కుదరలేదు. 1967 మే 24న ఇన్‌స్పెక్టర్ సోనం వాంగ్దీ బాణాలకు బలయ్యారు. మర్నాడు ప్రసాద్‌జోత్‌లో పోలీసు కాల్పులకు 11 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది మహిళలు. హోంశాఖ తనది కాదని కోనార్ పక్షాన వాదించవచ్చు గానీ, మంత్రివర్గ బాధ్యత ఆయనకూ ఉంది. ఆ మచ్చ చెరగదు. కాకపోతే దాన్ని చూపి ఆయన పద్ధతి విఫలమైందనడం సరికాదు. తర్వాత జరిగినదే అందుకు రుజువు.

1977లో వామపక్ష ప్రభుత్వం రాగానే భూసంస్కరణల చట్టంలోని బర్గా నిబంధనలను సవరించారు. పరాయి భూమి దున్నుతున్నవాడిని బర్గాదారుగానే భావించాలి, కాదని నిరూపించుకోవలసిన భారం యజమానిదే అన్నారు. నోటిమాటకు కోనార్ ఇచ్చిన విలువ అలా చట్టంలోకి ఎక్కింది. మంత్రి బినయ్ చౌధురి ఆధ్వర్యంలో అధికారులు ఊళ్లకే వెళ్లి, బర్గాదారులను గుంపుగా కూర్చోబెట్టి, అందరి ఎదుట పేర్లు రాసుకున్నారు. కచేరీలో జోతేదారు కళ్లముందు ఒంటరిగా నోరు పెగలని రైతు ఊరి మధ్య తోటివాళ్ల నడుమ మాట్లాడగలిగాడు. కాలక్రమంలో సుమారు 14 లక్షల మంది నమోదయ్యారు. 1967-70 అనుభవం లేకుండా అధికారులకు ఈ విద్య అబ్బేది కాదు. నాడు భూరికార్డుల బాధ్యత చూసిన దేవబ్రత బంద్యోపాధ్యాయే ఆపరేషన్ బర్గాను కూడా నడిపించారు.

కోనార్ ఆ రోజులు చూడలేదు. 1974 జులై 23న, 60 ఏళ్లయినా నిండకుండానే, క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆపరేషన్ బర్గా చరిత్రను 1978 నుంచి కాదు, 1967 నుంచి రాయాలి.