కోదండం నుంచి కాలేజీ హాస్టలు దాకా



1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, ప్రెసిడెన్సీలో ఎన్ని బడులున్నాయో, వాటిలో ఏం చెబుతున్నారో తెలపమని కలెక్టర్లను అడిగారు. మరుసటి ఏడు బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ పంపిన నివేదిక చదివితే మన తాతలు చెప్పిన వీధిబడి కళ్ళకు కడుతుంది. పొద్దున్నే మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వరసగా ఒక్కొక్కటి ఎక్కువ. సోమరిని బెత్తంతో కొడతారు, లేదా రెండు చేతులూ కట్టి పైకప్పుకు వేలాడదీస్తారు, లేదా ఆపకుండా కూర్చుని లేవమంటారు. మనవాళ్ళ శ్రీ-చుక్క, కోదండం, గుంజీలు ఇవే. గుంజీలు ఒంటికి మంచివేమో అని కూడా దొరగారు ఒక మాట కలిపారు. ఆయన ఎప్పుడూ తీసి ఉండరు.

ఆ దెబ్బలను నేను సమర్థించను. అయితే ఒకటి గమనించాలి. ఆ పెత్తనం ఒంటి మీద జరిగేది, అందరి కళ్ళ ముందూ జరిగేది. బడి వదిలాక కుర్రవాడు చెరువు గట్టు మీదో చింతతోపులోనో తన ఈడు వాళ్ళతో ఉండేవాడు. తగువులు పడేవాడు, తనే తీర్చుకునేవాడు.

ఆ ప్రెసిడెన్సీలోనే, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకూ, మా పొట్టంగి కూడా విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉండేది. ఇక్కడి కొండల మీద మాత్రం పద్ధతి వేరు. కోదు, పొరజ, గదబ గూడేల్లో ఈడు వచ్చిన మగపిల్లలు రాత్రిళ్ళు పడుకోవడానికి ధాంగడా బసా అనే ఇల్లు, ఆడపిల్లలకు ధాంగడీ బసా అనే ఇల్లు విడిగా ఉండేవి. పాట, ఆట, కట్టుబాటు, పెద్దవాళ్ళతో మాట్లాడే తీరు, కోపం వచ్చినప్పుడు ఆగడం, ఇవన్నీ తమకంటే రెండు మూడేళ్ళు పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకునేవారు. పక్కనున్న బస్తర్‌లో మురియాల ఘోటుల్ మీద వెరియర్ ఎల్విన్ 1947లో పెద్ద గ్రంథం రాశారు. అక్కడ పెద్దరికం పిల్లలదే, తప్పు చేస్తే జరిమానా వేసేదీ వాళ్ళే. ఎల్విన్ కాస్త మురిపెంగా రాశారని విమర్శ ఉంది, అది నిజమే కావచ్చు. కానీ మైదానం నుంచి ఘాట్‌రోడ్డెక్కి వచ్చిన మనవాళ్ళం అందులో బడి ఉందని చూడలేదు, సిగ్గుమాలినతనం అనుకుని మొహం తిప్పుకున్నాం.

కన్నవాళ్ళ పెత్తనాన్ని నిలదీసినవాళ్ళు మనలోనూ లేకపోలేదు. చలం విద్యాశాఖలో స్కూళ్ళ తనిఖీ ఉద్యోగం చేసినవాడు. తన చిన్నతనంలో తండ్రి కోపం ఎలాంటిదో అనుభవించినవాడు. ఆయన ‘బిడ్డల శిక్షణ’ చదివి కోప్పడిన తండ్రులు చాలామంది. పాటించినవాళ్ళు తక్కువ.

ఇటీవలి రెండు మూడు దశాబ్దాల్లో పెత్తనం రూపు మారింది. పదో తరగతి కాగానే సాలూరు ఘాట్ దింపి విజయనగరమో విశాఖపట్నమో హాస్టల్లో చేర్చడం ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాల్లో ఆనవాయితీ అయింది. ఏ గ్రూపు, ఏ కాలేజీ, ఎన్ని గంటలకు నిద్ర, అన్నీ ముందే నిర్ణయమైపోతాయి. కోదండం లేదు. దాని బదులు మాట ఉంది: ‘నీకోసం పొలం అమ్మాను’, ‘నీ మార్కులు చూసి మీ అమ్మ అన్నం మానేసింది.’

అమెరికాలో డయానా బామ్‌రిండ్ 1960లలో తల్లిదండ్రుల తీరును పరిశీలించి, గట్టిగా ఉంటూనే కారణం చెప్పేవారిని, కారణం చెప్పకుండా లోబరచుకునేవారిని వేరు చేసి చూపారు. 1996లో బ్రయాన్ బార్బర్ ఇంకో గీత గీశారు. ఎక్కడికి వెళ్తున్నావు, ఎప్పుడు వస్తావు అని అడగడం ఒకటి. ప్రేమ తీసేస్తానని బెదిరించి, తప్పు చేశానన్న భావన కలిగించి మనసునే పట్టుకోవడం వేరొకటి. మొదటిది కొరవడితే పిల్లలు దారి తప్పే ప్రమాదం. రెండోది ఉన్నచోట లోలోపల కుంగుబాటు ఎక్కువ. నా తరగతిలో చూసింది కూడా ఇదే. అలాంటి ఇంటి పిల్లవాడు మాస్టారి ముందు తలెత్తడు, బయట చెల్లెలి మీద చెయ్యి చేసుకుంటాడు. పక్కవాడు సిగరెట్టు ఇస్తే వద్దనలేడు. ‘నాకు భయంగా ఉంది’ అనవలసిన చోట ‘కడుపు నొప్పి’ అంటాడు. తన మనసులో ఏముందో అడిగినవాళ్ళు లేకపోతే దానికి పేరు పెట్టడం ఎలా వస్తుంది?

ఇదంతా తెలిసినవాణ్ణే నేను. బి.ఇడి.లో మనస్తత్వశాస్త్రం పరీక్ష రాసి ప్యాసయినవాణ్ణి. అయినా మా అబ్బాయికి గ్రూపు నేనే ఎంచాను, హాస్టలు నేనే చూశాను. ఆదివారం ఫోను చేస్తే ‘బాగానే ఉన్నాను నాన్నా’ అనేవాడు. క్రమశిక్షణ కుదిరిందని సంతోషించాను.

దసరా సెలవులకు వచ్చాడు. వాళ్ళమ్మ, ఏం కూర చెయ్యమంటావురా అని అడిగింది. వాడు నా మొహం చూశాడు. పదహారేళ్ళ కుర్రవాడు, కూరకు నా మొహం చూశాడు.

నేను కావాలనే పేపరు తీసి అడ్డం పెట్టుకున్నాను. ‘మీ ఇష్టం’ అన్నాడు. వాళ్ళమ్మ మళ్ళీ అడిగింది. కాసేపు గడప దగ్గర అలాగే నిలబడి, ‘బీరకాయ’ అన్నాడు. మా ఇంట్లో బీరకాయ నాకు పడదని వండరు. ఆ రోజు వండారు.