కాగితం నుంచి మోడల్ దాకా: ఒమన్ సైట్లలో డ్రాయింగ్ కథ

ఈ వారం ఎపిసోడ్‌కి ఇది రాతరూపం. వినడానికి టైం దొరకనివాళ్లు క్యాంపుకి వెళ్లే బస్సులో చదువుకోవచ్చు.

గల్ఫ్‌లో కన్‌స్ట్రక్షన్ పనిచేసే ప్రతి ఒక్కరికీ డ్రాయింగ్ అంటే ఏంటో తెలుసు. డ్రాయింగ్ రాకపోతే పని ఆగుతుంది. డ్రాయింగ్ మారితే నిన్న కట్టింది ఇవాళ కొట్టెయ్యాలి. ఫోర్‌మన్ చేతిలో డ్రాయింగ్ ఉంటుంది, హెల్పర్ చేతిలో ఉండదు. ఇద్దరి జీతాల మధ్య తేడా చాలావరకు అక్కడే ఉంది. ఇప్పుడు ఆ డ్రాయింగ్ కాగితం వదిలేసి కంప్యూటర్‌లో మోడల్‌గా మారుతోంది. దీన్నే బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అంటారు, ఆఫీసులో పొట్టిగా "బిమ్" అంటారు. ఇది ఒమన్‌కి ఎలా వచ్చింది, దానివల్ల మన చేతికి ఏమొస్తుంది, ఏం పోతుంది అన్నదే ఈ కథ.

ముగ్గు పోసిన కాలం నుంచి అమ్మోనియా ప్రింటు దాకా

నిజ్వా కోట చూసినవాళ్లకి ఆ గుండ్రటి పెద్ద బురుజు గుర్తుండే ఉంటుంది. 17వ శతాబ్దంలో ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించాడు, పన్నెండేళ్లు పట్టిందని చెబుతారు. కొండల కింద నుంచి ఊళ్లకి నీళ్లు తెచ్చే ఫలజ్ కాలువలు అంతకన్నా పాతవి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కిలోమీటర్ల పొడవునా నీళ్లు వాటంతట అవే పారాలంటే వాటం ఎంత సరిగ్గా ఉండాలో ఆలోచించండి. అలాంటి పనుల్లో ప్లాను ఎక్కువగా మేస్త్రీ బుర్రలో, తాడులో, కొలకర్రలో ఉండేది. మన ఊళ్లలో కూడా మొన్నమొన్నటిదాకా ఇంతే కదా. నేలమీద ముగ్గు పోసి పునాది గుర్తు పెట్టేవాళ్లు. గోడ ఎక్కడ లేవాలో మేస్త్రీకి తెలుసు, ఆయన పక్కన పనిచేసే కుర్రాడు చూసి నేర్చుకునేవాడు.

1970 జులై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దె ఎక్కేనాటికి ఒమన్ మొత్తానికి ఉన్న తారు రోడ్డు పది కిలోమీటర్లు, స్కూళ్లు మూడు అని చెబుతారు. అక్కడి నుంచి పనులు ఒక్కసారిగా ఎత్తుకున్నాయి. 1973లో సీబ్ ఎయిర్‌పోర్టు, 1974లో మత్రాలో పోర్ట్ సుల్తాన్ ఖాబూస్ వచ్చాయి. గల్ఫార్ కంపెనీ 1972లో మొదలైంది. మన దేశపు ఎల్ అండ్ టీ 1994లో జుబైర్ గ్రూపుతో కలిసి ఒమన్‌లో కంపెనీ పెట్టింది. కట్టడానికి మనుషులు మన దేశం నుంచి, పాకిస్తాన్ నుంచి, తర్వాత బంగ్లాదేశ్ నుంచి దిగారు. డ్రాయింగులు మాత్రం ఎక్కువగా విదేశీ కన్సల్టెంట్ల ఆఫీసుల నుంచి వచ్చేవి.

అప్పటి పద్ధతి సీనియర్ అన్నలకి తెలిసే ఉంటుంది. డ్రాఫ్ట్స్‌మన్ ట్రేసింగ్ పేపర్ మీద ఇంకుతో గీసేవాడు. దాన్నుంచి ప్రింట్లు తీసేవాళ్లు, ముక్కు మండే అమ్మోనియా వాసనతో. సైట్‌కి వచ్చేది ఆ ప్రింటే. ఇక్కడే ఒక మార్పు జరిగింది, పెద్దగా ఎవరూ గమనించలేదు. మేస్త్రీ బుర్రలో ఉన్న ప్లాను ఆఫీసు టేబుల్ మీదికి వెళ్లిపోయింది. కాగితం చదవగలిగినవాడు ఫోర్‌మన్ అయ్యాడు, చదవలేనివాడు ఎంత పనిమంతుడైనా చెప్పింది చేసేవాడిగా ఉండిపోయాడు.

1982 డిసెంబర్‌లో అమెరికాలో ఆటోక్యాడ్ వచ్చింది. మెల్లగా అన్ని ఆఫీసుల్లోనూ డ్రాయింగ్ బోర్డుల స్థానంలో కంప్యూటర్లు కూర్చున్నాయి. గీత శుభ్రంగా వచ్చింది, మార్చడం తేలికైంది. కానీ గీత గీతగానే ఉంది. ప్లాన్ ఒకచోట, సెక్షన్ ఇంకోచోట, ఏసీ డక్టు డ్రాయింగ్ ఒక ఆఫీసులో, స్ట్రక్చర్ డ్రాయింగ్ ఇంకో ఆఫీసులో. అన్నీ కలిసేది ఎక్కడ? స్లాబ్ కింద, నిచ్చెన మీద నిలబడ్డ మనిషి దగ్గర. డక్టు వెళ్లాల్సిన చోట బీమ్ అడ్డం ఉందని మొదట తెలిసేది అతనికే.

గోడకి గోడ అని తెలిసిన రోజు

మోడల్ ఆలోచన కొత్తదేం కాదు. 1963లోనే ఇవాన్ సదర్లాండ్ అనే ఆయన ఎంఐటీలో కంప్యూటర్ తెర మీద బొమ్మ గీసే పద్ధతి కనిపెట్టాడు. 1975లో చార్లెస్ ఈస్ట్‌మన్ అనే అమెరికా ప్రొఫెసర్, భవనానికి డ్రాయింగుల బదులు కంప్యూటర్‌లో ఒకే పూర్తి వివరణ పెట్టుకోవచ్చు కదా అని రాశాడు. ఒకచోట మారిస్తే అన్ని బొమ్మలూ మారాలి, సామాను లెక్క దాన్నుంచే రావాలి అన్నది ఆయన మాటల సారాంశం. ఆనాటి కంప్యూటర్లకి అది మోయలేని బరువు. 1980లలో హంగరీలో ఆర్కిక్యాడ్ పుట్టింది. 2000లో అమెరికాలో రెవిట్ వచ్చింది. ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీయే 2002లో దాన్ని 13.3 కోట్ల డాలర్లకి కొనేసింది.

తేడా ఏంటంటే, ఆటోక్యాడ్‌లో గోడ అంటే రెండు గీతలు. మోడల్‌లో గోడ అంటే గోడే. దాని ఎత్తు, మందం, ఏ బ్లాకు, ఏ ప్లాస్టర్ అన్నీ దానితోనే ఉంటాయి. కిటికీ ఒక అడుగు జరిపితే ప్లాన్‌లో, సెక్షన్‌లో, బ్లాకుల లెక్కలో అన్నిచోట్లా మారిపోతుంది. డక్టు బీమ్‌కి తగిలితే కంప్యూటరే ఎర్రగా చూపిస్తుంది. దాన్ని "క్లాష్" అంటారు. నిచ్చెన మీద మనిషికి తెలిసే సంగతి, కాంక్రీటు పోయకముందే ఆఫీసులో తెలిసిపోతుందన్నమాట.

ఒమన్‌కి ముందు ఆయిల్ దారిలో

బిమ్ అనగానే అందరికీ ఎత్తైన బిల్డింగులు గుర్తొస్తాయి. నిజానికి మూడు కొలతల మోడల్ ముందు పట్టుకున్నది ఆయిల్, కెమికల్ ప్లాంట్లవాళ్లు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో 1970లలోనే పీడీఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్ ప్లాంట్ల పైపుల కోసం తయారైంది. కారణం సులభమే. రిఫైనరీలో వేల పైపులు ఒకదాని పక్కన ఒకటి, పైన ఒకటి వెళ్తాయి. ఒక్క పైపు తప్పితే మొత్తం ఆగుతుంది.

దుఖమ్ రిఫైనరీలో పైప్ ఫిట్టర్‌గానో, వెల్డర్‌గానో చేసినవాళ్లకి "ఐసో" షీటు బాగా తెలుసు. ఒక్క లైను, వాలుగా గీసిన బొమ్మ, పక్కన స్పూల్ నంబరు, జాయింట్ నంబరు, కింద ఎల్బోలు, ఫ్లాంజిల లిస్టు. రోజుకి 2,30,000 బ్యారెళ్లు శుద్ధి చేసే ఆ రిఫైనరీని 2024 ఫిబ్రవరిలో అధికారికంగా ప్రారంభించారు. ఈ కాలపు పెద్ద ప్లాంట్లలో ఐసోని ఎవరూ కూర్చుని చేత్తో గీయరు, మోడల్ నుంచి కంప్యూటరే తీస్తుంది. అంటే "మోడల్ మా స్థాయిది కాదులే" అనుకునే ఫిట్టర్ అన్న చేతిలో మోడల్ ముక్క ఎన్నాళ్ల నుంచో ఉంది. ఆ పేరుతో ఎవరూ చెప్పలేదంతే.

బిల్డింగుల్లోకి ఇది పక్క దేశం మీదుగా వచ్చింది. దుబాయ్ మునిసిపాలిటీ 2013లో ఒక సర్క్యులర్ ఇచ్చింది. 2014 జనవరి నుంచి 40 అంతస్తులు దాటిన భవనాలకి, 3,00,000 చదరపు అడుగులు దాటిన వాటికి, ఆసుపత్రులు, యూనివర్సిటీల్లాంటి వాటికి బిమ్ తప్పనిసరి అంది. 2015లో దాన్ని 20 అంతస్తులు, 2,00,000 అడుగులకి దించింది. బ్రిటన్ ప్రభుత్వం కూడా 2016 ఏప్రిల్ నుంచి తన ప్రాజెక్టులకి బిమ్ అడిగింది. మస్కట్‌లో పనిచేసే పెద్ద కన్సల్టెంట్లలో చాలామందికి దుబాయ్‌లోనో, లండన్‌లోనో ఆఫీసులున్నాయి. అక్కడ అలవాటైన పద్ధతి ఇక్కడికీ తెచ్చారు. ఒమన్‌లో ఇది ఒక్క సర్క్యులర్‌తో ఊరంతా మారిన కథ కాదు. క్లయింటు అడిగిన ప్రాజెక్టులో వచ్చింది, అడగని ప్రాజెక్టులో పాత ప్రింటే నడిచింది.

సరిగ్గా అప్పుడే డబ్బు చిక్కు కూడా వచ్చింది. 2014 మధ్యలో వంద డాలర్లు దాటి ఉన్న బ్యారెల్ ఆయిల్ ధర 2016 జనవరికి 30 కిందికి పడింది. ప్రాజెక్టులు ఆగాయి, బిల్లులు ఆలస్యమయ్యాయి. అదే 2016లో ఆటోడెస్క్ తన సాఫ్ట్‌వేర్లని ఒకసారి కొనుక్కుని ఉంచుకునే పద్ధతి తీసేసి, ఏటా అద్దె కట్టే పద్ధతి పెట్టింది. పెద్ద కంపెనీలకి అదొక ఖర్చు మాత్రమే. కానీ విల్లాలు, చిన్న షాపులు కట్టే కాంట్రాక్టర్‌కి సాఫ్ట్‌వేర్ అద్దె, దానికి తగ్గ కంప్యూటర్, నడిపే మనిషి జీతం మూడూ కలిస్తే పెద్ద బరువు. అందుకే ఇప్పటికీ మస్కట్‌లో ఒక వీధిలో ట్యాబ్‌లో మోడల్ చూసుకుంటూ పని జరుగుతుంటే, పక్క వీధిలో నలిగిన కాగితంతోనే స్లాబ్ పడుతుంటుంది.

కట్టే భవనాలు మాత్రం ఆగలేదు. 2018 మార్చి 20న మస్కట్ కొత్త టెర్మినల్ తెరిచారు. వైశాల్యం 5,80,000 చదరపు మీటర్లు, ఏడాదికి 2 కోట్ల మంది ప్రయాణికుల కోసం. 2023 మార్చిలో మనాహ్‌లో ఒమన్ అక్రాస్ ఏజెస్ మ్యూజియం తెరిచారు. హజర్ కొండల్లా వాలిన దాని గోడల్ని ఆస్ట్రేలియాకి చెందిన కాక్స్ ఆర్కిటెక్చర్ డిజైన్ చేసింది. సీబ్ దగ్గర లక్ష మంది ఉండేలా సుల్తాన్ హైతం సిటీ లేస్తోంది. నిటారు గోడ ఒక్కటీ లేని భవనాన్ని ప్లాన్, సెక్షన్ గీతలతోనే సైట్‌లో దింపడం ఎంత కష్టమో షటరింగ్ కార్పెంటర్లకి నేను చెప్పక్కర్లేదు.

మరి మనకేంటి?

నిజం మాట్లాడుకుందాం. మోడల్ వల్ల మిగిలే డబ్బు ముందు కంపెనీకి చేరుతుంది. జీతం స్లిప్పులో దానంతట అదే కనిపించదు.

మంచి ఏమిటంటే కొట్టి కట్టే పని తగ్గుతుంది. పోసిన స్లాబ్‌లో కోర్ కటింగ్, బిగించిన డక్టు విప్పి మళ్లీ బిగించడం ఎంత దుమ్ము, ఎంత ప్రమాదమో తెలుసు. ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో పని చేయించకూడదనే రూలు ఉంది. ఆ మూడు గంటలు పోగా మిగిలిన టైంలో నిన్నటి పనే మళ్లీ చేయడం ఎవరికి ఇష్టం? పైగా "నువ్వే తప్పు బిగించావు" అనే మాట పడేది కూడా పనివాడే. మోడల్ ఉంటే తప్పు ఎక్కడ మొదలైందో రికార్డు ఉంటుంది.

ఇంకో వైపు కూడా ఉంది. మోడల్ సరిగ్గా ఉంటే పైపులు, డక్టులు వర్క్‌షాపులోనే కట్టి లారీలో తెస్తారు. సైట్‌లో మనుషులు తక్కువ సరిపోతారు. ముందు తగ్గేది హెల్పర్ల సంఖ్యే. రీవర్క్ మీద వచ్చే ఓవర్‌టైం కూడా పోతుంది. మిగిలేది కొలత చదవగలిగినవాడు, మోడల్‌లో ఉన్నదానికీ సైట్‌లో ఉన్నదానికీ తేడా చెప్పగలిగినవాడు. ఎందుకంటే ఎంత గొప్ప మోడలైనా సైట్‌లో ఎవరో స్లీవ్ పది సెంటీమీటర్లు పక్కకి పెట్టి ఊరుకుంటే అబద్ధం అయిపోతుంది. ఆ సంగతి పైకి చెప్పాల్సింది నిచ్చెన మీద ఉన్న మనిషే. పని అతని చేతిలోనే ఉంది, మాట కూడా అతని నోట్లోంచి రావాలి.

ఈ కథలో రెండో తెలుగువాడు కూడా ఉన్నాడు. హైదరాబాద్‌లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ (ఇప్పటి సైయెంట్) 1991లో మొదలై, విదేశాల మ్యాపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చేసింది. అప్పటి నుంచి విదేశీ కంపెనీల ఇంజినీరింగ్ డ్రాయింగు పని నగరంలో పెరుగుతూ వచ్చింది. ఇవాళ గల్ఫ్ బిల్డింగుల మోడల్ పని చేసే ఆఫీసులు కూడా హైదరాబాద్‌లో ఉన్నాయి. అక్కడ డక్టు గీసేది తెలుగు కుర్రాడు, ఇక్కడ అదే డక్టు బిగించేది తెలుగు అన్న కావచ్చు, ఒకరికొకరు తెలియకుండానే.

ఒమన్‌లో ఆఫీసు ఉద్యోగాలు ఎక్కువగా ఒమనీ యువతకి ఇవ్వాలన్నది 1988 నుంచి ఉన్న విధానం. 2018 జనవరిలో ఇంజినీర్లతో సహా 87 రకాల ఉద్యోగాలకి కొత్త వీసాలు కొన్నాళ్లు ఆపేశారు కూడా. కాబట్టి "బిమ్ మోడలర్ వీసా" అని ఏజెంటు చెబితే డబ్బు కట్టే ముందు ఆఫర్ లెటర్, వీసాలో రాసిన ఉద్యోగం పేరు రెండూ సరిచూసుకోండి. ఇంటి దగ్గర చదువుకునే పిల్లలుంటే ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్ల కోర్సు ఉంది. హైదరాబాద్‌లో 1998లో పెట్టిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. దారి అక్కడి నుంచి కూడా మొదలవుతుంది.

సైట్‌లో ఉన్నవాళ్లకి మొదటి మెట్టు చిన్నదే. మోడల్ తయారుచేయడం వేరు, చదవడం వేరు. చదవడానికి డబ్బు అక్కర్లేదు. నావిస్‌వర్క్స్ ఫ్రీడమ్, ఆటోడెస్క్ వ్యూయర్ లాంటివి ఉచితం. శాంపిల్ ఫైళ్లతో నేర్చుకోండి. కంపెనీ ఫైల్ మాత్రం సొంత ఫోన్‌లోకి తీసుకోవద్దు, ఉద్యోగం పోతుంది. సూపర్‌వైజర్ ట్యాబ్ తెరిచినప్పుడు పక్కన నిలబడి, "సార్, ఈ లైను ఎటు వెళ్తుంది, ఒకసారి తిప్పి చూపించండి" అని అడగండి. కాగితం మీద సెక్షన్ అర్థం కాని మనిషికి కూడా తిప్పి చూస్తే పైపు పైపులానే కనిపిస్తుంది. యాభై ఏళ్ల కింద మేస్త్రీ బుర్రలోంచి ఆఫీసుకి వెళ్లిపోయిన ప్లాను మళ్లీ పనివాడి కంటికి కనిపించే అవకాశం ఇదే. అడగకపోతే అది కూడా సూపర్‌వైజర్ ట్యాబ్‌లోనే ఉండిపోతుంది.

మీ సైట్‌లో డ్రాయింగ్ కాగితంలో వస్తోందా, ట్యాబ్‌లోనా? వాయిస్ మెసేజ్ పంపండి, కంపెనీ పేరు చెప్పక్కర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో అందరం విందాం.