అశ్వపతుల మనవలం

వించిపేటలో మా చిన్నాన్న కొడుకు ఒక ఆడగుర్రాన్ని మేపుతున్నాడు. గుర్రమని గొప్పకి అంటాం గానీ అది తట్టు, పొట్టి రకం. పెళ్ళి ఊరేగింపులకి తిప్పి నాలుగు డబ్బులు చూస్తాడు. పోయిన పెళ్ళిళ్ళ సీజన్లో దాని ముందరి కుడికాలి లాడం ఊడిపోయింది. ఇంత పెద్ద విజయవాడలో ఆ ఒక్క లాడం వేసే మనిషి కోసం మేం ఇరవై రోజులు తిరిగాం.

పశువుల డాక్టరు మంచివాడే. "గేదెకైతే అర్ధరాత్రి లేపినా వస్తాను సాయిబుగారూ, గుర్రం నేను చదివిన విద్యే గానీ చేసిన విద్య కాదు" అని ఉన్నమాట చెప్పాడు. ఎడ్లకి లాడాలు కొట్టే ముసలాయన్ని ఊరవతల నుంచి ఆటోలో తీసుకొచ్చాం. ఆయన గుర్రం చుట్టూ ఒకసారి తిరిగి, "పడగొట్టి కాళ్ళు కట్టండి" అన్నాడు. ఎద్దుకి అలాగే వేస్తారు మరి. పడుకోబెట్టి, చీలిన గిట్టకి రెండు రేకులు కొడతారు. గుర్రానికి నిలబెట్టి వెయ్యాలి, కాలు ఒళ్ళోకి తీసుకుని వెయ్యాలి. ఆయనకి టీ తాగించి పంపేశాం. మూడో ఆయన ముందు అడ్వాన్సు పంపమన్నాడు. పంపాం. ఆ తర్వాత ఆ ఫోను మోగలేదు. ఈ సందట్లో గడ్డి వేసే కుర్రాడు కూడా ఒక శుక్రవారం నమాజుకని వెళ్ళి మళ్ళీ రాలేదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. కుంటిదైనా అంతే. సంపాదన లేకుండా తిన్న ఉలవల లెక్క మా తమ్ముడు గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు.

గుర్రం మాది, పేట మాది. గుర్రం కాలు ఎత్తి పట్టుకునే చెయ్యి మాత్రం మా దగ్గర లేదు. మా దాదా కాలంలో ఆ చేతులు మా వీధి చివరే ఉండేవి. అవి ఎటు పోయాయో రాద్దామని కూచుంటే, ముందు చరిత్ర పుస్తకాలతో తగువు పడాల్సి వచ్చింది.

పాత తెలుగు కథనాల్లో మూడు సింహాసనాలుంటాయి. ఒడిశా ఏలినవాడు గజపతి. విజయనగరం ఏలినవాడు నరపతి. తురుష్క పాదుషా అశ్వపతి. 'రాయవాచకము' చదివినవాళ్ళకి తెలిసిన లెక్కే ఇది. అంటే గుర్రాల దొరలమన్నమాట మేం! బళ్ళో సాంఘికశాస్త్రం పుస్తకంలో కూడా మా వంతుకి వచ్చిన బొమ్మ అదే. గుర్రమెక్కి కత్తి దూసిన తురుష్కుడు. ఆ పాఠం రోజున క్లాసంతా వెనక్కి తిరిగి మా బెంచీ వైపు చూసేది. ఆ బొమ్మలో గుర్రానికి నాలుగు కాళ్ళుంటాయి. వాటికి లాడాలు ఎవరు వేశారు, ఉలవలు ఎవరు ఉడికించారు, పేడ ఎవరు ఎత్తారు అన్నది పాఠంలో ఉండదు. గుర్రం మీద వచ్చినవాడొక్కడే తురక! గుర్రం వెనక నడిచొచ్చినవాళ్ళు ఏమైనట్టు?

1290ల్లో మన తీరాల గురించి రాసిన వెనిస్ వర్తకుడు మార్కోపోలో పుస్తకంలో వాళ్ళ జాడ కొంచెం దొరికింది మాకు. రాణి ఏలుబడిలోని మోటుపల్లి రాజ్యాన్ని వర్ణించిన మనిషే ఆయన. మోటుపల్లి మన డెల్టాకి దక్షిణపు అంచున, చీరాల దగ్గర ఉంది. 1244లో గణపతిదేవుడు సముద్ర వర్తకులకి అభయశాసనం వేయించిన రేవు అది. పోలో చెప్పిన గుర్రాల ముచ్చట మాత్రం ఇంకా దిగువది, పాండ్యుల తమిళ తీరానిది. అక్కడి రాజులు ఏటా ఒక్కొక్కరు రెండు వేలకి పైగా గుర్రాలు కొనేవారట, అరబ్బు దేశాల నుంచి, హుర్ముజు నుంచి ఓడలకెక్కి వచ్చినవి. ఏడాది తిరిగేసరికి వందైనా మిగిలేవి కావు. సాకడం తెలిసినవాళ్ళు లేరు. ఆ తెలిసినవాళ్ళని, అంటే లాడాలు వేసేవాళ్ళనీ వైద్యం చేసేవాళ్ళనీ, వర్తకులు అక్కడికి రానిచ్చేవాళ్ళు కారు. గుర్రాలు చస్తేనే కదా మళ్ళీ ఏడు బేరం!

ఆ వర్తకుల్లో ఎక్కువమంది ముసల్మానులే. మేం దాచుకోం. వెనిస్ వర్తకుడు పోటీ వర్తకుల గురించి రాశాడన్నది గుర్తు పెట్టుకుని చదివినా, మతలబు పోదు. అయితే అదే ముచ్చట తిరగేసి చూడండి. లాడం వేసే మనిషి ఒక్కడు ఓడ దిగితే ఒక రాజ్యపు గుర్రాల బేరం పడిపోతుంది. అంత విలువైనవాడు వాడు. ఆ విలువ తెలిసినవాళ్ళు వాణ్ణి దాచారు. పేరు మాత్రం ఎవరూ రాయలేదు.

తర్వాతి కాలం సంగతి పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. సాళువ నరసింహరాయలు వెయ్యి పర్దావులకి మూడు గుర్రాల చొప్పున, చచ్చినవాటిని కూడా కలిపి కొనేవాడట. ఓడలో చచ్చినదానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, డబ్బు ముట్టేది. విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడనీ, వాటిని చూసుకునేందుకు 1,600 మంది సాయీసులుండేవారనీ ఆయనే చెప్పాడు. రాజుల పేర్లు మనకి కంఠతా వచ్చు. ఆ 1,600 మందిలో ఒక్కడి పేరు చెప్పండి చూద్దాం!

ఈ విద్య ఒక మతానిది కూడా కాదు. గుర్రపు వైద్యుణ్ణి మా ఉర్దూలో సలోత్రీ అంటారు. మా చిన్నప్పుడు అది అరబ్బీ మాటే అనుకున్నాం. తీరా చూస్తే శాలిహోత్రుడు! అశ్వశాస్త్రం చెప్పిన ఋషి. ఆ సంస్కృత శాస్త్రం బహమనీల కాలంలో దక్కనులోనే పారశీకంలోకి తర్జుమా అయింది. తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద కావ్యమే చెప్పాడు. ఇటు నుంచి ఋషి పేరు అటు పోతే, అటు నుంచి జీను, లగాము, రికాబు, దాణా తెలుగులోకి వచ్చి కూచున్నాయి. ఎవరూ ఎవర్నీ వీసా అడగలేదు.

మా డెల్టా గుర్రాల దేశం కాదు. నల్లరేగడి బురదలో గిట్ట మెత్తబడి కుళ్ళుతుంది. 1855 నాటికి ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు వచ్చాయి. సరుకు పడవెక్కింది, పొలం ఎద్దుది, పాలు గేదెవి. గుర్రానికి పని పుట్టించింది రైలు. 1889లో నైజాం రైలు బెజవాడ చేరింది, 1893 నాటికి కృష్ణ మీద వంతెన పడింది, 1899లో మద్రాసు దారి కలిసింది. రైలు దిగినవాళ్ళని ఇంటికి చేర్చడానికి జట్కా కావలసి వచ్చింది. ఆ జట్కాల మీద ఎక్కువగా మావాళ్ళే ఎక్కారు. ఎందుకంటే భూమి లేదు, దుకాణం లేదు, చదువు లేదు. గుర్రాన్ని పట్టుకోవడం ఒక్కటే మిగిలిన ఆస్తి. కనకదుర్గమ్మ కొండ దగ్గరికి, పుష్కరాల రేవుకి యాత్రికుల్ని మోసినవాటిలో మా తురక గుర్రాలు ఎన్నో! 1968 పుష్కరాల్లో పన్నెండు రోజులూ మా దాదా నిద్రపోలేదని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.

దాదా గుర్రంతో ఉర్దూలో మాట్లాడేవాడు, సవారీలతో తెలుగులో. "చల్ బేటా" గుర్రానికి, "ఎక్కండి బాబుగారూ, జాగ్రత్త" మనిషికి. ఆ నోటిమాటే సినిమాల్లో జట్కా సాయిబు హాస్యం అయింది. తెలుగుని ఖూనీ చేస్తాడని నవ్వారు. రెండు భాషలు ఒకే గొంతులో పెట్టుకుని రోజంతా ఎండలో తిరిగినవాడు ఎవర్ని ఖూనీ చేశాడు?

దాదా బతుకంతా ఇంకొకరి చేతిలో ఉండేది. వీధి చివర నాల్‌బంద్. గిట్ట నెలకి సెంటీమీటరు దాకా పెరుగుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకి లాడం విప్పాలి, గిట్ట చెక్కాలి, మళ్ళీ బిగించాలి. మేకు గిట్ట గోడలోంచి పైకి రావాలి. వెంట్రుకవాసి లోపలికి పోయి జీవం తగిలిందా, గుర్రం కుంటుతుంది. అన్నాళ్ళూ మా ఇంట్లో పొయ్యి కూడా కుంటుతుంది. మేకు దిగే శబ్దం విని అది ఎటు పోతోందో నాల్‌బంద్‌కి తెలిసేదట. "పావ్ ఉఠా" అంటే ఎంత పొగరుబోతు గుర్రమైనా కాలిచ్చేదట. కడుపునొప్పి వస్తే కుర్‌కురీ అనేవారు. గుర్రం కక్కలేదు, దాని గొంతు అలా కట్టాడు దేవుడు. తిన్న తప్పు బయటికి రాదు. కట్టు తెంచుకుని కళ్ళంలో కొత్త వడ్లు మేసిన గుర్రాన్ని రాత్రంతా నడిపిస్తూ ఆ నాల్‌బందే దాదాతో తిరిగాడు. సలోత్రీ, మంగలి, దోస్తు అన్నీ ఆయనే.

ఆ దోస్తుకి మేం ఏమిచ్చాం? మొహర్రంలో గుర్రపు లాడం ఆకారంలో ఉన్న పీరుని నాల్ సాహెబ్ అని మొక్కి, దట్టీ కట్టాం. ఆ లాడం వేసేవాడి ఇంటికి పిల్లనివ్వలేదు. మేం షేకులం కదా! బొగ్గు మసి మనిషి. పెళ్ళి దస్తర్‌ఖాన్ మీద ఆయన చోటు చివరే. హిందువుల్లో కులం గురించి మేం వ్యాసాలు రాస్తాం గానీ, ఇది రాయడానికి మాకు నలభై ఏళ్ళు దాటాయి.

సాయీసు కుర్రాళ్ళ సంగతీ అంతే. దొరసానులు ఇంటి నిర్వహణ గురించి రాసుకున్న పుస్తకాల్లో సాయీసంటే ఉలవలు దొంగిలించేవాడు. గుర్రం తినేదాకా పక్కనే నిలబడి చూడండని సలహా. మా దాదా ఆ పుస్తకాలు చదవలేదు గానీ అదే పని చేసేవాడు. ఒకసారి దాణా తగ్గిందని కుర్రాణ్ణి చాబుకుతో కొట్టాడు. వాడు ఆ రాత్రే గుంటూరు బండెక్కి పోయాడు. దాణా తిన్నది పందికొక్కులని వారం తర్వాత తేలింది. దాదా చనిపోయే ముందు ఆ కుర్రాడి పేరు రెండుసార్లు తలిచాడట. నమ్మకస్తుడు దొరకడం లేదని మేం ఈ ఇరవై రోజుల్లో ఎన్నిసార్లు అన్నామో! పారిపోయిన గడ్డి కుర్రాడికి మా తమ్ముడు రెండు నెలల జీతం బాకీ ఉన్నాడని మొన్ననే తెలిసింది.

1965లో కేంద్ర ప్రభుత్వం జంతుహింస నివారణ చట్టం కింద లాడాలు వేసేవాళ్ళకి లైసెన్సు నిబంధనలు చేసింది. లైసెన్సు లేకుండా లాడం వెయ్యకూడదు. మంచిదే. కానీ ఆ పని నేర్పే బడి మాత్రం మా ఊళ్ళో తెరవలేదు. రిక్షా వచ్చింది, ఆటో వచ్చింది, జట్కా స్టాండు ఖాళీ అయింది. జట్కాలవాళ్ళ కొడుకులు రిక్షా తొక్కారు, మనవలు ఆటో తోలారు. నాల్‌బంద్ కొడుకు ఆటోనగర్‌లో లారీ షెడ్డు చేరాడు. ఇనుమూ సుత్తీ అవే, గిట్ట పోయి టైరు వచ్చింది. దేశం మొత్తమ్మీద 2012లో 6.25 లక్షల గుర్రాలూ తట్టులూ ఉంటే, 2019 పశుగణనలో 3.4 లక్షలకి పడిపోయాయి. గుర్రాల్ని లెక్కపెట్టారు సరే. వాటి కాళ్ళు పట్టేవాళ్ళని?

2007లో రాష్ట్రం ముస్లిముల్లో వెనకబడిన 14 సమూహాలకి 4 శాతం రిజర్వేషన్ చట్టం చేసింది. ఖురేషీ ఉన్నాడు, హజామ్ ఉన్నాడు, గారడీ సాయిబు ఉన్నాడు, షేకులమైన మేమూ ఉన్నాం. నాల్‌బంద్ అన్న పేరు ఆ పద్నాలుగింటిలో లేదు. వాళ్ళ పిల్లలు కూడా షేకులమనే రాయించుకున్నారు. పిల్లనివ్వని పేరులోకే వచ్చి కలిశారు.

పదిహేనో రోజున మేం ఆటోనగర్ వెళ్ళాం. నాల్‌బంద్ మనవడు వెల్డింగ్ షాపు నడుపుతున్నాడు, మా ఈడువాడే. విషయం చెబితే నవ్వాడు. లోపల్నుంచి వాళ్ళ తాత సుత్తి తెచ్చి చూపించాడు, పిడి మాత్రం కొత్తది. సాయంత్రం మాతో వించిపేట వచ్చాడు. గుర్రం పక్కన నిలబడి భుజం ఆనించి, కాలు మీద చెయ్యి జార్చాడు. వాళ్ళ తాత అలా చేసేవాడని ఎవరో చెప్పగా విన్నాడట. గుర్రం కాలు ఇచ్చింది! మా తమ్ముడు ఊపిరి బిగబట్టాడు. గిట్ట తిప్పి చాలాసేపు చూసి, మెల్లగా కింద పెట్టేశాడు. "భాయ్, ఇనుం తెలుసు నాకు. ఇది తెలీదు. మేకు లోపలికి పోతే దీని ఉసురు నాకు తగులుతుంది" అన్నాడు. డబ్బు తీసుకోమంటే తీసుకోలేదు. దస్తర్‌ఖాన్ వేసి అన్నం పెట్టాం. ఆయన్ని మధ్యలో కూచోమంటే, అలవాటుగా చివర కూచున్నాడు.

చివరికి హైదరాబాదు నుంచి ఒకాయన రైల్లో వచ్చాడు. రానూ పోనూ టికెట్లు, పగలు కూలి, రాత్రి భోజనం కలిపి ఒక పెళ్ళి బత్తెం మొత్తం అయింది. నాలుగు కాళ్ళూ గంటన్నరలో పూర్తి చేశాడు. నాల్‌బంద్ మనవడు షాపు మూసుకుని వచ్చి ఆసాంతం పక్కన నిలబడి చూశాడు. రెండో కాలి దగ్గర నుంచి మేకులు అందించాడు. నాలుగో కాలికి ఆఖరి రెండు మేకులూ ఆయన చేతే కొట్టించాడు హైదరాబాదు మనిషి, చెవి దగ్గరపెట్టి వినమని చెప్పి.

మళ్ళీ ఐదు వారాలకి వెయ్యాలి. ఆయన వస్తానన్నాడు. తారీకు గోడ మీద, ఉలవల లెక్క కింద రాసిపెట్టాం. గడ్డి కుర్రాడి జీతం వాళ్ళమ్మ చేతికి ఇచ్చి వచ్చాడు మా తమ్ముడు. వాడు తిరిగొస్తాడో రాడో ఆమె చెప్పలేదు.