ఖైదీల కంటే ముందే దిగిన కెమెరా

అండమాన్ అనగానే మనవాళ్ళకు ముందు గుర్తొచ్చేది జైలు. ద్వీపాంతరవాసం, గానుగ తిప్పడం, కాళ్ళకు గొలుసులు. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలను వెంటబెట్టుకుని ఈ దీవుల్లో దిగాడని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. ఆ ఖైదీల కంటే మూడు నెలల ముందే, 1857 డిసెంబరులో, ఇక్కడికి ఒక కెమెరా వచ్చిందని మాత్రం చాలామందికి తెలియదు. జైలుకు ముందు ఫోటో! ఈ ఒక్క ముక్క పట్టుకుని నేను ఎటెటో వెళ్ళిపోయాను. అండమాన్‌లోని మాయాబందర్‌లో చుట్టాల ఇళ్ళలో బూజు పట్టిన పెళ్ళి కాసెట్ల దాకా వెళ్ళాను.

కెమెరా ఊరికే రాలేదు. 1857 తిరుగుబాటులో పట్టుబడ్డ సిపాయిలను ఎక్కడ ఉంచాలో తేల్చడానికి కంపెనీ సర్కారు ఒక కమిటీ వేసింది. బెంగాల్ జైళ్ళ అధికారి డాక్టర్ మౌయట్ దానికి పెద్ద. ప్లూటో అనే పొగ ఓడలో దీవులన్నీ చుట్టి, అనువైన చోటు చూసి రావాలి. కలకత్తా నుంచి ఆస్కార్ మలిట్ అనే ఫ్రెంచి ఫోటోగ్రాఫర్‌ను కూడా వెంట తీసుకెళ్ళారు. ఇప్పటి మాయాబందర్‌కు ఉత్తరాన ఉన్న పోర్ట్ కార్న్‌వాలిస్‌ను కూడా వాళ్ళు చూశారు. అక్కడ కంపెనీవాళ్ళు లోగడ పెట్టిన వలస జ్వరాలకు తాళలేక 1796లోనే మూతపడింది. కమిటీ కూడా ఆ చోటు వద్దంది.

ఆ రోజుల్లో ఫోటో తీయడమంటే ఏమిటో కాస్త చెప్పాలి. ఆర్చర్ అనే ఇంగ్లీషువాడు 1851లో కనిపెట్టిన తడి పలక పద్ధతి అప్పటికి రాజ్యమేలుతోంది. మందుగుండు పత్తిని ఈథర్‌లో, ఆల్కహాల్‌లో కరిగిస్తే కొలోడియన్ అనే జిగురు వస్తుంది. దాన్ని గాజు పలక మీద పోసి, నాలుగు మూలలకూ వంచుతూ సమంగా పరచాలి. చీకట్లో వెండి నైట్రేటు నీళ్ళలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీయాలి, తడి ఆరకముందే కడగాలి. మన ఎండల్లో ఆ తడి నిలిచేది పది నిమిషాలో పావుగంటో. కాబట్టి ఫోటోగ్రాఫర్ ఎక్కడికి వెళితే చీకటి గది కూడా అక్కడికి వెళ్ళాల్సిందే. డేరా, సీసాలు, గాజు పలకలు, మంచినీళ్ళ పీపాలు. ఈథర్‌కు నిప్పు సెగ తగిలితే భగ్గుమంటుంది. వెండి నైట్రేటు అంటిన వేళ్ళు వారం దాకా నల్లగానే ఉంటాయి.

ఇంత తంటా ఉన్నా సరదాకు ఫోటోలు తీసేవాళ్ళు మన దేశంలో అప్పటికే తయారయ్యారు. 1854లో బొంబాయిలో, 1856లో కలకత్తాలోనూ మద్రాసులోనూ ఫోటోగ్రఫీ సంఘాలు వెలిశాయి. మద్రాసు సంఘానికి ఆద్యుడు అక్కడి ఆర్ట్ స్కూలు పెట్టిన డాక్టర్ హంటర్. సభ్యుల్లో డాక్టర్లూ మిలిటరీవాళ్ళూ ఎక్కువ. డాక్టరుకు రసాయనాలు చేతిలో పని, మిలిటరీవాడికి డేరా మోసే మనుషులు చేతిలో పని. సరదా అంటే ఎప్పుడూ ఎవరో ఒకరు మోసిపెట్టేదే కదా.

మళ్ళీ ఓడ దగ్గరకు. కమిటీవాళ్ళకూ దీవులవాళ్ళకూ తీరాన ఘర్షణ జరిగింది. ఒక యువకుణ్ణి పట్టుకుని ఓడెక్కించారు. నావికులు అతనికి జాక్ అని పేరు పెట్టి, తమ బట్టలు తొడిగారు. కలకత్తాలో గవర్నర్ జనరల్ కానింగ్ దంపతులకు చూపించారు, కెమెరా ముందు నిలబెట్టారు. జబ్బు చేసేసరికి, ఇక దక్కడని భయపడి, తీసుకొచ్చిన చోటే ఒడ్డున దింపేసి వచ్చారు. ఆ తర్వాత ఏమయ్యాడో ఎవరూ రాయలేదు. అప్పట్లో ఫోటోను పుస్తకంలో అచ్చు వేసే వీలు లేదు. చూసి చెక్కిన బొమ్మలే మౌయట్ పుస్తకంలో 1863లో లోకానికి దక్కాయి. అండమాన్‌లో మొదటి ఫోటోల కథ ఇలా అడగకుండా తీసిన ఫోటోలతో మొదలైంది. ఇది తలుచుకుంటే మొదటి పేరాలో నా హుషారు కొంచెం తగ్గుతుంది.

ఇక నాకు అసలు ఇష్టమైన మనిషి దగ్గరకు వస్తాను. మారిస్ విడాల్ పోర్ట్‌మన్. 1879లో, పందొమ్మిదేళ్ళ వయసులో, అండమాన్ ఆదివాసుల వ్యవహారాలు చూసే అధికారిగా వచ్చాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడే ఉన్నాడు. ఫోటోగ్రఫీ అతని ఉద్యోగం కాదు, పిచ్చి. బ్రిటిష్ మ్యూజియం కోసం దీవులవాళ్ళ జీవితమంతా ఫోటోల్లో పెడతానని ముందుకొచ్చి, 1890లలో ఆల్బమ్‌లకు ఆల్బమ్‌లు నింపాడు. వాటిని ప్లాటినం కాగితం మీద అచ్చు తీశాడు. మామూలు వెండి ప్రింట్లు పసుపు తిరిగినా ప్లాటినం చెక్కు చెదరదు. ఈ తేమలో అది ఎంత ముందుచూపో ఇక్కడ ఒక వానాకాలం గడిపినవాళ్ళకు తెలుస్తుంది.

1896లో అతను మానవశాస్త్రజ్ఞుల పత్రికలో ఫోటోలు ఎలా తీయాలో ఒక వ్యాసం రాశాడు. అందంగా తీయాలనుకోవద్దు, స్పష్టంగా తీయండి అన్నది అందులో సారం. వెలుతురు సరిగ్గా పడాలి. చేతులో ఆయుధాలో అడ్డొచ్చి ముఖ్యమైనది కప్పేయకూడదు. మనిషి వెనక మసకగా ఒక తెర చాలు. మనకు నేర్పినవాళ్ళెవరూ ఈ మాట చెప్పలేదు. ‘కొంచెం నవ్వండి, గడ్డం పైకెత్తండి’ అనడమే మన స్టూడియో శాస్త్రం.

అతను చేసిన పనుల్లో నన్ను పట్టుకున్నది వరస ఫోటోలు. ఒక బాడిసె తయారు చేయడాన్ని మొదటి నుంచి చివరి దాకా, మెట్టు మెట్టుగా, ఒక ఫోటో తర్వాత ఒకటి తీశాడు. ఎక్కడ ఆపాలి, ఏది వదిలేయాలి, ఏది ముందు, ఏది వెనక అని తేల్చుకోవాలి కదా. సినిమా పుట్టే రోజుల్లోనే, సినిమా ఊసు లేని దీవిలో, ఒకడు కూర్చుని ఎడిటింగ్ చేశాడు. ఆ వరసలు చూసి ఇవాళ బాడిసె చేయడం నేర్చుకోవచ్చు.

కానీ అదే పోర్ట్‌మన్ మనుషులను బట్టలు విప్పించి, గళ్ళ తెర ముందు నిలబెట్టి, కొలతల కోసం ఫోటోలు తీశాడు. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. అలంకారం వద్దన్న నియమం ఒక చేత్తో బాడిసెను కాపాడింది, ఇంకో చేత్తో మనిషిని కొలిచే వస్తువుగా మార్చింది. అప్పటికే 1877 నాటి తట్టు ఊళ్ళకు ఊళ్ళను తుడిచేసింది. 1901 జనాభా లెక్కల్లో గ్రేట్ అండమానీలు 625 మంది. 1961లో 19 మంది. మాయాబందర్‌కు పైన ఉత్తర అండమాన్‌లో బో, జేరు, కోరా, కారీ అని తెగలుండేవి. బో భాష మాట్లాడిన చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో పోయింది. ఆమె గొంతు భాషాశాస్త్రజ్ఞురాలు అన్వితా అబ్బి రికార్డుల్లో ఉంది. పోర్ట్‌మన్ ఫోటోల్లో మనుషులున్నారు, మాట లేదు.

ఇక కొంచెం వెనక్కి వెళ్ళి, కెమెరా కథలో కొన్ని దశాబ్దాలను పరుగున దాటేస్తాను. 1888లో ఈస్ట్‌మన్ నూరు ఫోటోల రీలు నింపిన కొడాక్ పెట్టె అమ్మాడు. మీట నొక్కడమే మన పని, కడగడం కంపెనీ పని. 1923లో ఇంట్లో సినిమా తీసుకునే 16 మిల్లీమీటర్ల రీలు వచ్చింది.  1932లో 8 మిల్లీమీటర్ల రీలు వచ్చింది. దాని కిటుకు ముచ్చటగా ఉంటుంది. కెమెరాలో వేసేది 16 మిల్లీమీటర్ల రీలే. సగం వెడల్పు మీద తీసి, తిప్పి వేసి రెండో సగం మీద తీస్తారు. కడిగాక నిలువునా రెండుగా చీల్చి, ఒకదాని కొసకు ఒకటి అతికిస్తారు. మన పొదుపరి అత్తలు కనిపెట్టారేమో అనిపిస్తుంది.

మన ఇళ్ళకు కెమెరా వచ్చింది మాత్రం ఆగ్ఫా క్లిక్ త్రీతో. బరోడాలో తయారైన ఆ డబ్బాలో 120 రీలు వేస్తే పన్నెండు చదరపు ఫోటోలు. నలుపు తెలుపు రీలూ కాగితమూ ‘ఇందు’ పేరుతో ఊటీలోని హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ చేసేది. ఆసక్తి ముదిరినవాళ్ళు బాత్రూం కిటికీకి దుప్పటి కట్టి, జీరో బల్బుకు ఎర్ర కాగితం చుట్టి, మూడు పళ్ళేలు పరిచేవాళ్ళు. ఒకదాంట్లో డెవలపర్, ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో హైపో. ప్రింటు కాగితానికి ఎరుపు కనిపించదు కాబట్టి ఆ దీపం. చిత్రమేమిటంటే మాయాబందర్ దగ్గర కర్మాటాంగ్ ఇసుకలో గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్ళకూ ఎరుపు అంతగా ఆనదు. అందుకే అలాంటి తీరాల్లో ఫ్లాష్ కొట్టొద్దంటారు, తప్పనిసరైతే ఎర్ర దీపం వాడమంటారు.

ఇక్కడి నీటికీ రీలుకూ మాత్రం పడదు. ఫిల్ము మీది పూత జెలటిన్. నీళ్ళు వేడెక్కితే ఉబ్బి, అంచుల్లో ముడతలు పడి, ఒక్కోసారి జారిపోతుంది. అందుకే తెల్లవారుజామున కడగడం, ఐసు వేయడం, పటికతో గట్టిపరచడం లాంటి ఉపాయాలన్నీ పుట్టాయి. కడిగాక ఇంకో శత్రువు బూజు. లెన్సు మీద సాలెగూడులా పాకి, వదిలేస్తే గాజునే తినేస్తుంది. బీరువాలో చిన్న బల్బు ఎప్పుడూ వెలిగించి ఉంచేవాళ్ళు. బిస్కెట్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసేవాళ్ళు. పాతికవేలు పోసి కెమెరా కొని, ఆ బల్బు కరెంటు దగ్గర లెక్కలు చూసేవాళ్ళను చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వీడియో కాలం వచ్చేసరికి ఎడిటింగ్ ఇంట్లోకి దూరింది. టీవీ కంపెనీలు మాత్రం 1956 నుంచే టేపు కత్తిరించడానికి పడరాని పాట్లు పడ్డాయి. టేపు మీద బొమ్మ కంటికి కనపడదు. ఇనుప రజను కలిపిన ద్రవం పూసి, బయటపడ్డ గీతలను భూతద్దంలో చూస్తూ బ్లేడుతో కోసేవాళ్ళు. మన వీహెచ్ఎస్ కాలానికి అంత పని లేదు. రెండు వీసీఆర్‌లు, మధ్య తీగ, రెండు బొటనవేళ్ళు. ఒకదాంట్లో అసలు కాసెట్ ఆడుతుంటే రెండోది రికార్డు, పాజ్‌లో ఉంచి, సరైన క్షణానికి వదలాలి. వదిలిన వెంటనే టేపు కదలదు కాబట్టి రెప్పపాటు ముందే నొక్కడం అలవాటు చేసుకోవాలి. మామూలు మిషన్లలో ప్రతి అతుకు దగ్గరా కాసేపు ఇంద్రధనుస్సు రంగులు పాకేవి. కాపీకి కాపీ తీస్తే పెళ్ళికూతురి ఎర్రచీర ముఖం మీదికి కారేది.

టైటిల్స్‌కు శుభలేఖనే కెమెరాతో తీసేవాళ్ళు. మిక్సర్ ఉన్న స్టూడియో అయితే వధూవరులు పానకం బిందెల్లోంచి, తామరపూలలోంచి, హృదయాకారాల్లోంచి తేలి వచ్చేవాళ్ళు. నాకు ఇవేవీ కోపం కాదు. కోపమల్లా ఆడియో డబ్ మీద. మూడు గంటల పెళ్ళి నిండా సినిమా పాటలు పోసేవాళ్ళు. మాయాబందర్ నుంచి విశాఖ ఓడలో మా ఊరొచ్చిన కాసెట్లలోనూ అదే. తాతయ్య ఏదో గట్టిగా అంటాడు, అందరూ పగలబడి నవ్వుతారు, మనకు వినపడేది డ్యూయెట్. పురోహితుడి మంత్రం పోయింది, వంటల దగ్గర అరుపులు పోయాయి, శ్రీకాకుళం యాసలో హిందీ కలిపి మాట్లాడే ఆ దీవుల తెలుగూ పోయింది. పోర్ట్‌మన్ దగ్గర మాట లేకపోవడానికి యంత్రం లేదు. మన దగ్గర యంత్రం ఉండి, మాట ఉండి, మనమే చెరిపేశాం.

ఆ తర్వాత కంప్యూటర్, మూవీ మేకర్, ఇప్పుడు ఫోన్‌లో కైన్‌మాస్టర్. పదేళ్ళ పిల్లలు చేసేస్తున్నారు, నేను చెప్పేదేముంది. ఒక్కటి మాత్రం అండమాన్‌కే ప్రత్యేకం. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) నుంచి రోడ్డు మీద మాయాబందర్ రావాలంటే జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా జారవా ఆదివాసుల అడవి గుండా రావాలి. దాదాపు 50 కిలోమీటర్లు. బండ్లు బారులు తీరి వెళ్ళాలి, మధ్యలో ఆగకూడదు, ఫోటో తీయకూడదు. 2012లో జారవా ఆడవాళ్ళను ఆడిస్తున్న ఒక వీడియో బయటపడి గోల అయ్యాక శిక్షలు ఇంకా బిగించారు. ఫోన్ జేబులో పెట్టుకోమంటే గొణిగే ప్రయాణికులకు జాక్ కథ చెప్పాలనిపిస్తుంది.

కాసెట్లు ఇంకా ఇంట్లో ఉన్నవాళ్ళు త్వరపడాలి. వీసీఆర్ తయారు చేసిన చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జులైలో ఆపేసింది. కాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లటి పొడి కనిపిస్తోందా, దాన్ని అలాగే మిషన్‌లో పెట్టొద్దు. బూజు హెడ్‌కు అంటి తర్వాతి కాసెట్లన్నిటికీ పాకుతుంది. వెనక ఐదు మరలు విప్పి, ఆరబెట్టి, మెత్తటి గుడ్డ ఆనించి చుట్టాలి. కంప్యూటర్‌లోకి ఎక్కించడం కష్టం కాదు, కాకపోతే మూడు గంటల కాసెట్‌కు మూడు గంటలూ పడుతుంది.

ఇంకో సంగతి. హై-ఫై కెమెరాతో తీసిన కాసెట్‌లో శబ్దం రెండు చోట్ల ఉంటుంది, అంచున ఒకటి, బొమ్మ కింద ఒకటి. ఆడియో డబ్ చెరిపేది అంచున ఉన్నదాన్నే. బొమ్మ పోకుండా కిందిదాన్ని చెరపడం కుదరదు. కాబట్టి స్టూడియోవాళ్ళు కాపీ మీద కాకుండా అసలు కాసెట్ మీదే పాటలు పోసి ఉంటే, హై-ఫై వీసీఆర్ ఎక్కడైనా సంపాదించి, ఆడియో మీటను నార్మల్ నుంచి హై-ఫైకి మార్చి చూడండి. డ్యూయెట్ ఆగిపోయి తాతయ్య ఏమన్నాడో వినపడవచ్చు.