ఇలోయిలో మట్టి నుంచి ముదురు కణాల దాకా

గొంతునొప్పి, వదలని దగ్గు, జ్వరం... మెడికల్ షాపు మెట్టెక్కితే మన చేతిలో పడేది చాలాసార్లు అజిత్రోమైసిన్ 500. రోజుకొకటి చొప్పున మూడు రోజులు. ఆ మాత్ర వంశం ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో మట్టిలో మొదలైంది.

1949లో అబెలార్డో అగ్విలార్ అనే డాక్టరు అక్కడి మట్టిని పోగుచేసి అమెరికాలోని ఎలై లిల్లీ కంపెనీకి పంపాడు. అందులోని సూక్ష్మజీవి నుంచి ఆ కంపెనీలోని మెక్‌గైర్ బృందం ఎరిత్రోమైసిన్‌ను వేరుచేసింది. 1952లో ఆ మందు ‘ఇలోటైసిన్’ పేరుతో బజారుకొచ్చింది. ఊరి పేరు మందులో నిలిచిపోయింది. పెన్సిలిన్ పడనివాళ్లకు అది పెద్ద అండ. కాకపోతే కడుపులోని ఆమ్లానికి తట్టుకునేది కాదు.

ఆ లోపాన్ని సరిచేసింది నాటి యుగోస్లావియాలో, జాగ్రెబ్ నగరంలోని ప్లీవా కంపెనీ. ఎరిత్రోమైసిన్ అణువులో 14 పరమాణువుల వలయం ఒకటి ఉంటుంది. స్లోబొడాన్ జోకిచ్, గాబ్రియేలా కోబ్రెహెల్ తదితరులు ఆ వలయంలో ఒక నైట్రోజన్‌ను చొప్పించి 15 చేశారు. 1980లో అలా పుట్టిన అజిత్రోమైసిన్ ఆమ్లానికి లొంగదు. రక్తంలోంచి కణజాలంలోకి చేరి రోజుల తరబడి అక్కడే ఉండిపోతుంది. మూడో మాత్రతో కోర్సు అయిపోయినా మందు పని సాగుతూనే ఉండేది అందుకే.

ఈ మందు కథలోకి తర్వాత వచ్చి చేరే ముదురు కణాల సంగతి తెలిసింది వేరే చోట. 1961లో ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ మనిషి కణాలను గాజు పాత్రల్లో పెంచుతూ ఒక విషయం పట్టుకున్నారు. సుమారు 50 సార్లు విభజన జరిగాక కణాలు ఆగిపోతున్నాయి. చావవు, చీలవు. ఇవే ముదురు కణాలు. అలా మిగిలిపోయిన కణాలు వాపు పుట్టించే పదార్థాలను చుట్టూ వదులుతుంటాయని తర్వాత తేలింది. ఇల్లు ఖాళీ చేయకుండా ఇరుగుపొరుగును పాడుచేసే రకం అన్నమాట. 2011లో మేయో క్లినిక్ పరిశోధకులు జన్యుమార్పు చేసిన ఎలుకల్లో వాటిని తొలగిస్తే, వయసుతో వచ్చే కొన్ని జబ్బులు వెనక్కి జరిగాయి. అప్పటి నుంచి ఆ పని చేసే మందుల కోసం వేట.

ఇంగ్లండులోని సాల్ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ లిసాంటి, ఫెడెరికా సోత్జియా బృందం ఆ వేటను పాత యాంటీబయాటిక్‌ల మీదికి మళ్లించింది. మనిషి ఊపిరితిత్తుల, చర్మపు కణాల డీఎన్‌ఏను ఒక రసాయనంతో దెబ్బతీసి ముదిరేలా చేశారు. పక్కనే ఆరోగ్యంగా ఉన్న కణాలు. రెండిటి మీదా మందు పోసి, పాత్రలో ఏవి మిగిలాయో లెక్కగట్టారు. 2018లో ఫలితం వెల్లడైంది. అజిత్రోమైసిన్ ముదిరిన కణాల్లో దాదాపు 97 శాతాన్ని ఊడ్చేసింది. ఆరోగ్యకరమైనవి నిలిచాయి.

ఇది చదివి ఎవరూ మందుల షాపుకు పరిగెత్తకండని గట్టిగా చెప్పాలనిపిస్తోంది. వాళ్లు పాత్రలో వాడిన మోతాదు, మాత్ర మింగితే మన రక్తంలో తేలేదానికన్నా చాలా ఎక్కువ. పైగా అవసరం లేకుండా మింగే ప్రతి కోర్సూ క్రిములను మొండిగా మారుస్తుంది. కొందరిలో ఈ మందు గుండె లయనూ తప్పిస్తుంది.

అదే పరీక్షలో వాళ్లు తల్లిమందు ఎరిత్రోమైసిన్‌నూ పెట్టి చూశారు. దాని సంతతిలోదే అయిన రాక్సిత్రోమైసిన్ కూడా ముదురు కణాల మీద పనిచేసింది. ఇలోయిలో మట్టిలోంచి వచ్చిన అసలు అణువు మాత్రం ఆ కణాలను కదిలించలేకపోయింది.